మోడల్ రైలింజన్లు సేకరిస్తున్నారా? ఏ రైల్‌రోడ్లు తీసుకోవాలో ఇలా తేల్చుకోండి

"అన్నా, హెచ్‌ఓ ఇంజన్లు కొనడం మొదలుపెట్టాను. యూనియన్ పసిఫిక్ తీసుకోవాలా, శాంటా ఫే తీసుకోవాలా? రెండూ బాగున్నాయి." హెచ్‌ఓ అంటే అసలు ఇంజన్‌లో 87వ వంతు ఉండే మోడల్ సైజు, మిగతా రెండూ అమెరికా రైలు కంపెనీల పేర్లు. వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇండియాలో ఈ ప్రశ్న రాదు. అక్కడ ఉన్నది ఒకే ఇండియన్ రైల్వేస్. ఇక్కడ అమెరికాలో అలా కాదు. ఒక్కో రైల్‌రోడ్ ఒక్కో ప్రైవేటు కంపెనీ, దేని రంగులు దానివి. వందేళ్లలో ఒకదాన్నొకటి కొనుక్కుంటూ, కలిసిపోతూ వచ్చాయి. పేరు పోయిన కంపెనీలని ఇక్కడి అభిమానులు "ఫాలెన్ ఫ్లాగ్స్" అంటారు. షాపులో అరలన్నీ వాటి రంగులతో నిండి ఉంటాయి, ఏది చూసినా కొనాలనిపిస్తుంది.

మొదటి ఏడాది నేనూ అలాగే కొన్నాను. ఏడు ఇంజన్లు, ఏడు కంపెనీలు. కాజీపేట నుంచి వచ్చిన మా నాన్న అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడి, "ఇవన్నీ ఏ లైన్లో తిరిగాయిరా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అవి ఏ లైన్లోనూ కలిసి తిరగలేదు. 1937 నాటి రంగులు వేసుకున్న ఇంజన్ పక్కన 2012లో రంగులు వేసిన ఇంజన్ ఉంది. కింద రాసిన పద్ధతి ఆ ప్రశ్న నుంచి వచ్చిందే.

కావలసినవి

- ఒక నోట్‌బుక్, ఒక చిన్న అట్టముక్క
- కొలిచే టేపు
- భూతద్దం, ఫోన్ టార్చి
- ఈ ఏడాది దీని మీద ఎంత పెట్టగలరో ఒక అంకె (ఇంట్లో మాట్లాడుకుని ఒప్పుకున్నది)
- ఒక వారం ఓపిక. ఆ వారం ఏమీ కొనకండి, వేలంలో బిడ్ కూడా పెట్టకండి.

స్కేలు ఇప్పటికే తేలిపోయిందనుకుంటున్నాను. నేను హెచ్‌ఓ, అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చోటు తక్కువైతే ఎన్ స్కేలు, అంటే 1:160. కింది పద్ధతి దేనికైనా ఒకటే. రెండు స్కేళ్లు మాత్రం కలపకండి.

1. ముందు ఊరు ఎంచుకోండి

రైల్‌రోడ్ పేరుతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ఊరితో మొదలుపెడితే సగం పని అక్కడే అయిపోతుంది. మీరు ఉంటున్న ఊరు, చదువుకున్న ఊరు, అమెరికాలో మొదట దిగిన ఊరు, ఏదైనా సరే. మీకు ఆ పట్టాలు తెలిసి ఉండాలి, అంతే.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లకి రైళ్లతో ఎంత చుట్టరికం ఉందో చాలామందికి తెలియదు. డాలస్ దగ్గరి ఫ్రిస్కో పేరే ఒక రైల్‌రోడ్‌ది. సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేని ముద్దుగా ఫ్రిస్కో అనేవాళ్లు. 1902లో ఆ లైను వచ్చాకే అక్కడ ఊరు ఏర్పడింది. పేరులో శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నా ఆ కంపెనీ పట్టాలు ఏనాడూ అంత దూరం వెళ్లలేదు. దాని చిహ్నం ఆరబెట్టిన రకూన్ చర్మం ఆకారంలో ఉంటుంది. ఫ్రిస్కో హైస్కూలు పిల్లలు ఇవాళ్టికీ తమ జట్టుని రకూన్స్ అంటారంటే కారణం అదే. హ్యూస్టన్ పక్కన కేటీకి ఆ పేరు మిస్సోరీ–కాన్సస్–టెక్సస్ రైల్‌రోడ్ నుంచి వచ్చిందని చెబుతారు. ఎమ్‌కేటీలోని "కే–టీ"నే జనం కేటీ అన్నారు.

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ వైపు ఉంటే మీ పట్టాలు ఒకప్పుడు పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌వి. నేపర్‌విల్ వాళ్లకి బర్లింగ్టన్ ఉంది. శాన్ హోజే, సన్నీవేల్ వాళ్లు రోజూ ఎక్కే కాల్‌ట్రెయిన్ నడిచేది పాత సదరన్ పసిఫిక్ లైను మీద.

ఇండియాలో ఉండి అమెరికన్ ఇంజన్లు సేకరించేవాళ్లు ఫొటోలు బాగా దొరికే ఊరు ఒకటి తీసుకోండి. ఒక హెచ్చరిక: అమెరికాలో అమ్మే పవర్ ప్యాక్ (మోడల్ రైలుకి కరెంటు ఇచ్చే పెట్టె) 120 వోల్ట్‌లది. దాన్ని మన 230 వోల్ట్‌ల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ఇండియాలో పనిచేసేది విడిగా కొనుక్కోండి.

2. తర్వాత ఏళ్లు ఎంచుకోండి

ఒక్క ఏడాది అయినా పర్వాలేదు, ఐదేళ్లు అయితే హాయి. పదిహేనేళ్లు దాటితే అసలు హద్దు పెట్టుకోనట్టే. కంపెనీలు కలిసిపోయిన తేదీలు మీకు సరిహద్దు రాళ్లలా పనికొస్తాయి. వీటిని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి:

- 1968 ఫిబ్రవరి: పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ కలిసి పెన్ సెంట్రల్
- 1970 మార్చి: బర్లింగ్టన్ నార్తర్న్ పుట్టుక
- 1971 మే 1: ప్రయాణికుల రైళ్లు నడిపే జాతీయ సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలు
- 1976 ఏప్రిల్ 1: కాన్‌రైల్ మొదలు
- 1980 మార్చి 31: రాక్ ఐలాండ్ మూత
- 1980 నవంబరు 21: ఫ్రిస్కో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసింది
- 1982 డిసెంబరు: మిస్సోరీ పసిఫిక్, వెస్టర్న్ పసిఫిక్ యూనియన్ పసిఫిక్ చేతికి
- 1988: కేటీ కూడా యూనియన్ పసిఫిక్‌కే
- 1996: సదరన్ పసిఫిక్ యూనియన్ పసిఫిక్‌లోకి, అదే ఏడాది చివర బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే పూర్తిగా కలిసి బీఎన్ఎస్ఎఫ్
- 1999: కాన్‌రైల్‌ని సీఎస్‌ఎక్స్, నార్‌ఫోక్ సదరన్ పంచుకున్నాయి
- 2023 ఏప్రిల్: కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్ కలిసి సీపీకేసీ

విలీనం రోజున రంగులన్నీ రాత్రికి రాత్రి మారిపోవు. ఫ్రిస్కో నారింజ–తెలుపు ఇంజన్లు బర్లింగ్టన్ నార్తర్న్ (బీఎన్)లో కలిశాక కూడా కొన్నేళ్లు పాత రంగులతోనే తిరిగాయి, కొత్త నంబర్లు మాత్రం పడ్డాయి. పాత నంబరు మీద ప్యాచ్ వేసి కొత్త నంబరు రాసిన ఇంజన్ ఒకటి పెడితే మీరు ఎంచుకున్న కాలం చూసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. నాకు అలాంటివంటే చాలా ఇష్టం.

*ప్రత్యామ్నాయం:* రంగులన్నీ కావాలి, కాలం మాత్రం ఇప్పటిదే కావాలి అంటే హెరిటేజ్ యూనిట్లు ఉన్నాయి. యూనియన్ పసిఫిక్ 2005, 2006లలో ఆరు ఎస్‌డీ70ఏసీఈ ఇంజన్లకి, తను కలుపుకున్న కంపెనీల పాత రంగుల్ని గుర్తుచేసే డిజైన్లు వేసింది. నంబర్లు కూడా ఆ ఏళ్లని గుర్తుచేసేలా ఇచ్చింది, కేటీ ఇంజన్ నంబరు 1988. నార్‌ఫోక్ సదరన్ 2012లో ఇరవై ఇంజన్లకి ఇలాగే పాత రంగులు వేసింది. వీటితో ఒకే కాలంలో ఇంద్రధనుస్సంతా పెట్టుకోవచ్చు, ఏ తప్పూ లేదు.

3. ఆ ఊళ్లో ఆ ఏళ్లలో తిరిగినవన్నీ రాసి, కొట్టేయడం మొదలుపెట్టండి

నా లెక్కే చూపిస్తాను. ఊరు: డాలస్ ఉత్తర భాగం. ఏళ్లు: 1976 నుంచి 1980 నవంబరు దాకా. ఆ ప్రాంతంలో అప్పుడు తిరిగినవి: ఫ్రిస్కో, కేటీ, శాంటా ఫే, సదరన్ పసిఫిక్‌తో పాటు దాని సొంత కంపెనీ కాటన్ బెల్ట్ (ప్లేనో మీదుగా వెళ్లే పాత దారి దానిదే), మిస్సోరీ పసిఫిక్, రాక్ ఐలాండ్, బర్లింగ్టన్ నార్తర్న్ చేతిలోని ఫోర్ట్ వర్త్ అండ్ డెన్వర్.

ఒక్కో పేరు పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పట్టాల మీద నాకంటూ ఏదైనా జ్ఞాపకం ఉందా? దీని రంగులు రోజూ చూసినా విసుగు పుట్టదా? దీని గురించి చదవాలని ఉందా? మూడింటికీ "అవును" రానిది కొట్టేయండి. మిస్సోరీ పసిఫిక్ ముదురు నీలం నాకు మొదటి రోజు నచ్చింది, కానీ దాని గురించి ఒక్క పేజీ కూడా చదవాలనిపించలేదు. కొట్టేశాను.

4. ఒకటి ప్రధానం, రెండు తోడు, ఒకటి అతిథి

మొత్తం కలెక్షన్ పది ఇంజన్లు అనుకుంటే ఆరు ప్రధాన రైల్‌రోడ్‌వి, మూడు తోడువి, ఒకటి అతిథిది. నాకు ప్రధానం ఫ్రిస్కో, తోడు కేటీ, శాంటా ఫే. తోడు రైల్‌రోడ్ అంటే ప్రధానదానితో నిజంగా పని ఉన్నది, వ్యాగన్లు ఇచ్చిపుచ్చుకున్నది. ఫ్రిస్కో, కేటీ కలిసి సెయింట్ లూయిస్ నుంచి టెక్సస్‌కి టెక్సస్ స్పెషల్ అనే ఎర్ర రైలు నడిపాయి. ఇంజన్లు కూడా ఒకే రంగులో కొన్నాయి. అది 1959కి ముందు సంగతి, నా ఏళ్లలోకి రాదు. కానీ ఆ రెండు కంపెనీలని పక్కపక్కన పెట్టడానికి నాకు ఆ చుట్టరికం చాలు.

అతిథి ఒక్కటే. దానికి ఊరి నియమం వర్తించదు, ఏళ్ల నియమం వర్తిస్తుంది. నా అతిథి బర్లింగ్టన్ నార్తర్న్ ఆకుపచ్చ రంగులో ఉన్న సీ425, ఆల్కో అనే కంపెనీ తయారుచేసిన డీజిల్. వాషింగ్టన్ రాష్ట్రం వైపు తిరిగిన స్పోకేన్, పోర్ట్‌లాండ్ అండ్ సియాటిల్ దగ్గర నుంచి బీఎన్‌కి వచ్చిన ఇంజన్ అది. టెక్సస్‌తో దానికి పనిలేదు. మరి ఎందుకంటే, కాజీపేట డీజిల్ షెడ్డులో మనం చూసిన డబ్ల్యూడీఎమ్-2 కూడా ఆల్కో డిజైనే. రెండింటిలోనూ ఉన్నది పదహారు సిలిండర్ల 251 రకం ఇంజనే. సౌండ్ డీకోడర్ (ఇంజన్ శబ్దం వినిపించే చిప్) ఉన్న మోడల్ కొని స్టార్ట్ చేస్తే మొదట చిన్న దగ్గులా వచ్చి, తర్వాత ఆ "ధగ్... ధగ్... ధగ్" అందుకుంటుంది. నాన్నకి ఫోన్లో వినిపించాను. ఇంజన్ కనిపించకుండానే గుర్తుపట్టారు.

మనవాళ్లలో ఆల్కో ప్రేమికులు చాలామంది ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ ఆపేసింది. మీ ఏళ్లు 1960లు, 70లు అయితే ఆల్కోలు సులభంగా కుదురుతాయి. 1990ల తర్వాతైతే చిన్న చిన్న షార్ట్‌లైన్ కంపెనీల్లో వెతకాలి.

5. షెల్ఫు, వంపు, డబ్బు కొలవండి

హెచ్‌ఓలో ఆరు ఇరుసుల డీజిల్ ఎస్‌డీ40-2 సుమారు 24 సెంటీమీటర్లు, నాలుగు ఇరుసుల జీపీ9 సుమారు 20. మధ్యలో రెండేసి సెంటీమీటర్లు వదిలితే మీటరు షెల్ఫుకి జీపీ9లు నాలుగు, ఎస్‌డీ40-2లైతే మూడే. షెల్ఫు కొలిస్తే మీ కలెక్షన్‌కి పై హద్దు తెలిసిపోతుంది. ఆ అంకె అట్టముక్క మీదకి, అంటే 7లో రాసుకునే కార్డు మీదకి వెళ్తుంది.

పట్టాల మీద నడపాలనుకుంటే వంపు కూడా చూడాలి. ట్రెయిన్ సెట్లలో వచ్చే మామూలు వంపు వ్యాసార్థం 18 అంగుళాలు, అంటే 46 సెంటీమీటర్లు. యూనియన్ పసిఫిక్ భారీ ఆవిరి ఇంజన్ బిగ్ బాయ్ హెచ్‌ఓలో పొడవే దాదాపు 46 సెంటీమీటర్లు. నాలుగు ఇరుసుల జీపీలు 18 అంగుళాల వంపులో తిరుగుతాయి. ఆరు ఇరుసుల పెద్ద డీజిళ్లకి 22, అంతకన్నా ఎక్కువ ఉంటే మంచిది. పెట్టె మీద కనీస వ్యాసార్థం రాసి ఉంటుంది, చూడకుండా డబ్బు కట్టకండి. బిగ్ బాయ్ ఎంత పెద్దదో అర్థం కావాలంటే ఫ్రిస్కోలోని మ్యూజియం ఆఫ్ ది అమెరికన్ రైల్‌రోడ్‌కి వెళ్లండి, 4018 నంబరుది అక్కడే ఉంది. ఫ్రిస్కో సొంత ఆవిరి ఇంజన్ 4501 కూడా అక్కడే ఉంది.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. సౌండ్ ఉన్న మోడల్‌కీ లేనిదానికీ తరచూ వంద డాలర్ల దాకా తేడా ఉంటుంది. బీరువాలో పెట్టడానికే అయితే సౌండ్ లేనిది తీసుకోండి. ఆ వందతో మంచి లైట్లు పెట్టించుకోవచ్చు.

6. దొరుకుతుందా లేదా చూడండి

యూనియన్ పసిఫిక్, బీఎన్ఎస్ఎఫ్, శాంటా ఫే మోడళ్లు ఎప్పుడూ మార్కెట్లో ఉంటాయి. ఫ్రిస్కో, కేటీ లాంటివి ఎప్పుడో ఒకసారి, కొద్ది సంఖ్యలో వస్తాయి. ప్రీ-ఆర్డర్ పెట్టకపోతే తర్వాత సెకండ్ హ్యాండే దిక్కు. ప్రధానంగా అరుదైన రైల్‌రోడ్‌ని పెట్టుకుంటే తోడుగా సులభంగా దొరికేదాన్ని పెట్టుకోండి. లేకపోతే ఏడాదంతా ఎదురుచూపులే మిగిలి, ఆ టెన్షన్‌లో చివరికి ఏదో ఒకటి కొనేస్తారు.

7. ఒక్క వాక్యం రాసి కార్డు జేబులో పెట్టుకోండి

నాది ఇది: "డాలస్ ఉత్తరం, 1976 నుంచి 1980 నవంబరు 20 దాకా, ఫ్రిస్కో ముఖ్యం, కేటీ, శాంటా ఫే తోడు, అతిథి ఒకటి, హెచ్‌ఓ, మొత్తం పన్నెండు." షాపుకి వెళ్లినా, స్వాప్ మీట్‌కి (పాత మోడళ్లు అమ్ముకునే సంతకి) వెళ్లినా కార్డు వెంట ఉంటుంది. మనసు లాగుతున్నప్పుడు కార్డు తీసి చదవండి. ఏడాదికి ఒకసారి మాత్రమే దాన్ని మార్చవచ్చు, అదీ ఇంట్లో కూర్చుని.

8. కొనేముందు ఒక్కో ఇంజన్‌ని ఇలా చూడండి

మోసపోయేది ఇక్కడే. ఒక తయారీదారు ఒకే బాడీ అచ్చు పోసి దానికే ఇరవై కంపెనీల రంగులు వేస్తాడు. అసలు ఆ కంపెనీ దగ్గర ఆ ఇంజన్ ఎప్పుడూ లేకపోవచ్చు. అలాంటివాటిని ఇక్కడ "ఫూబీ" అంటారు. బిగ్ బాయ్‌లు ఇరవై ఐదే తయారయ్యాయి, అన్నీ యూనియన్ పసిఫిక్‌వే. వేరే పేరుతో కనిపిస్తే అది బొమ్మే. ఫ్రిస్కో 1980లో పోయింది కాబట్టి 2000ల తర్వాత వచ్చిన ఈఎస్44ఏసీ ఫ్రిస్కో రంగుల్లో కనిపిస్తే అది కల్పితం.

ఇంజన్ రకం సరైనదే అయినా వివరాలు తేడా కొట్టవచ్చు. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్, సదరన్ రైల్వే తమ ఎస్‌డీ40-2లని ఎత్తయిన ముక్కుతో చేయించుకున్నాయి, మిగతా కంపెనీలు ఎక్కువగా పొట్టి ముక్కుతో. పొట్టి ముక్కు షెల్‌కి (పై తొడుగుకి) నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ నల్లరంగు పూసి అమ్మితే దూరం నుంచి తెలియదు. సదరన్ పసిఫిక్ ఇంజన్ల ముఖం నిండా లైట్లే ఉండేవి. ఆ లైట్లు లేకుండా బూడిద రంగు, ఎర్ర ముక్కు మాత్రమే ఉంటే ఆగి ఆలోచించండి.

వరుసగా చూడాల్సినవి:

- క్యాబ్ పక్కన ఉన్న నంబరు, ముందున్న నంబర్ బోర్డులోని నంబరు ఒకటేనా
- ఆ నంబరు అసలు ఇంజన్ ఫొటో దొరుకుతుందా, ఆ ఫొటో తీసిన ఏడాది మీ ఏళ్లలో ఉందా
- మీ దగ్గర అదే నంబరు ఇప్పటికే ఉందా (ఒకే నంబరుతో రెండు ఇంజన్లు కొన్నవాళ్లు చాలామంది, డీసీసీలో, అంటే ఇంజన్లని డిజిటల్‌గా విడివిడిగా నడిపే పద్ధతిలో, రెండింటికీ ఒకే అడ్రస్ పడి రెండూ ఒకేసారి కదులుతాయి)
- రంగు తర్వాత ఎవరైనా వేశారా

చివరిది నా అనుభవం. ఒక స్వాప్ మీట్‌లో నారింజ–తెలుపు ఫ్రిస్కో జీపీ38-2 చవగ్గా దొరికింది. ఇంటికి తెచ్చి టార్చి వేసి చూస్తే, హ్యాండ్‌రెయిల్ గుచ్చే సన్నటి రంధ్రాల అంచున ఆకుపచ్చ గీత. షెల్ విప్పితే లోపలి అంచు మొత్తం ఆకుపచ్చే. వేరే కంపెనీ ఇంజన్‌కి ఎవరో రంగు మార్చారు. నంబర్ బోర్డులో నంబరు మార్చడం మర్చిపోయారు. అమ్మినతను చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటి నుంచి టార్చి వేయకుండా ఏదీ కొనలేదు.

ఫొటోల కోసం ఆయా రైల్‌రోడ్ హిస్టారికల్ సొసైటీలని చూడండి. శాంటా ఫేకీ, ఫ్రిస్కోకీ, కేటీకీ ఉన్నాయి. ఏ ఏడాది ఏ ఇంజన్లు ఉన్నాయో చెప్పే జాబితాని రోస్టర్ అంటారు. మీ ప్రధాన రైల్‌రోడ్ రోస్టర్ ఒక ప్రింటు తీసి పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒక్క రంగు చూసి ప్రేమలో పడటం మొదటిది. శాంటా ఫే ఎరుపు–వెండి "వార్‌బోనెట్" అందరికీ నచ్చుతుంది, కానీ అది ప్రయాణికుల ఇంజన్ల రంగు. 1937లో వచ్చి, ఆమ్‌ట్రాక్ వచ్చాక మరుగునపడి, 1989లో గూడ్సుల మీద మళ్లీ వెలిగింది. 1978ని ఎంచుకున్నవాళ్లకి శాంటా ఫే అంటే నీలం–పసుపే.

రెండోది, విలీనం కాకుండానే ఆగిపోయిన కంపెనీ కథ తెలియకపోవడం. సదరన్ పసిఫిక్, శాంటా ఫే కలుస్తామనుకుని ముందే ఎరుపు–పసుపు రంగు వేయడం మొదలుపెట్టాయి. ఒకటి ఎస్‌పీ రాసి పక్కన ఖాళీ వదిలింది, ఇంకోటి ఎస్‌ఎఫ్ రాసి ఖాళీ వదిలింది. 1986లో ప్రభుత్వ కమిషన్ ఒప్పుకోలేదు. ఖాళీలు అలాగే ఉండిపోయాయి. ఆ రంగు కొనాలంటే మీ ఏళ్లు 1980ల రెండో సగంలోకి వెళ్లాలి.

మూడోది, ప్రయాణికుల రైలు ఉందో లేదో చూడకుండా కోచ్‌లు కొనడం. ఫ్రిస్కో ప్రయాణికుల రైళ్లు 1967లోనే ఆగిపోయాయి. నా 1978 షెల్ఫులో ఫ్రిస్కో కోచ్ ఒక్కటి ఉన్నా తప్పే.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

నేను "ఒక్క రోజు పరీక్ష" అంటాను. మీ ఏళ్లలో ఒక తేదీ అనుకోండి. అతిథిని పక్కన పెట్టి, మిగతా ఇంజన్లన్నీ ఆ రోజు మీ ఊరి యార్డులో పక్కపక్కన నిలబడే అవకాశం ఉందా? ఒక్కోదాన్ని చేత్తో చూపిస్తూ పైకి చెప్పండి. "బహుశా" అన్న చోట రోస్టర్ తీయండి. "లేదు" అన్నది కిందికి దించండి.

తర్వాత ఇంట్లో రైళ్ల గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి షెల్ఫు చూపించి, "ఇది ఏ ఊరిదో, ఏ కాలందో చెప్పనా?" అని మొదలుపెట్టండి. రెండు నిమిషాల్లో ఒక్కటి కూడా వదలకుండా చెప్పగలిగితే కుదిరినట్టే. మధ్యలో "ఇది మాత్రం ఊరికే కొన్నాను" అనాల్సి వస్తే, దాని సంగతి చూడాలి.

దించినవాటిని ఏం చేయాలి

అన్నీ ఒకేసారి అమ్మకండి. ఆరు నెలలు పెట్టెలో పెట్టండి. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా తీసి చూడాలనిపించనిది అమ్మేయండి. అసలు పెట్టె, లోపలి నురగ, చిన్న విడిభాగాల సంచి ఉంటే మంచి ధర వస్తుంది, అందుకే కొన్న రోజు నుంచే దాచండి. పెట్టె అడుగున పెన్సిల్‌తో కొన్న తేదీ, ధర, డీసీసీ అడ్రస్ రాయండి. నా మొదటి ఏడింటిలో నాలుగు అలా వెళ్లిపోయాయి, వాటి డబ్బుతో రెండు ఫ్రిస్కోలు వచ్చాయి. లేత నీలం రాక్ ఐలాండ్ ఒకటి మిగిలింది. అది నా ఏళ్లలోదే, నా ఊరిదే, కార్డులో మాత్రం పేరు లేదు. వచ్చే జనవరిలో కార్డు మార్చేటప్పుడు దాని గురించి ఆలోచిస్తాను.